అరికాళ్ల సాక్ష్యం

మజ్జి ధర్మారావుకి కూడా టోపీ పెట్టాల్సిందేనని కోర్టు ఉత్తర్వు ఇచ్చిన రోజున, వరండాలో అందరూ చూస్తుండగా ఎర్రమ్మ హైమ మొహాన ఉమ్మేసింది.

హైమ వెంటనే తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ తల్లిని మరో దెబ్బ కొట్టినట్టవుతుందేమో అనిపించింది.

"మా గుంటడి బాధంతా నీ ఒంట్లోకి తాగినావు గదే. ఇప్పుడు ఆడ్ని కొట్టినోడి పక్కన కూకుంటావా? ఆడిది కూడా తాగుతావా? సిగ్గు నేదా నీకు?" అంటూ ఎర్రమ్మ మళ్ళీ మీదికి రాబోయింది. మహిళా కానిస్టేబులు అడ్డంపడి ఆమెను బెంచీ దగ్గరికి లాక్కుపోయింది. ఎర్రమ్మ కొడుకు సింహాద్రి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల్లిని ఆపలేదు. హైమ వైపు చూడలేదు. చెప్పుల్లో కాలివేళ్ళు ముడుచుకుని, గచ్చు కాలిపోతున్నట్టు ఒకసారి ఆ కాలిమీద, ఒకసారి ఈ కాలిమీద నిలబడుతున్నాడు.

హైమ కూడా సరిగ్గా అలాగే నిలబడి ఉంది. ఆ సంగతి గమనించి రెండు పాదాలూ బలవంతంగా నేలకి ఆన్చింది.

గొర్లె హైమ విశాఖపట్నంలో ఎల్‌ఎల్‌ఎం రెండో ఏడాది చదువుతోంది. మానవ హక్కుల చట్టం, సరిహద్దులు దాటిన నేరాల విచారణ ఆమె ప్రత్యేక విషయాలు. ఆ కాలేజీకి ఎదురుగానే, సముద్రం వైపున్న పాత భవనంలో, నాలుగైదు దేశాలు కలిసి పెట్టుకున్న ప్రత్యేక న్యాయస్థానం ఉంది. అక్కడికి మొట్టమొదట వచ్చిన కేసు ఇదే. ఉద్యోగాలిస్తామని శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళని విమానమెక్కించి, రెండు దేశాల మధ్య ఏ పోలీసూ అడుగుపెట్టని సరిహద్దు అడవిలో ఒక కాంపౌండులో బంధించారు. ఫోన్లలో తియ్యగా మాట్లాడి అమాయకుల్ని మోసం చెయ్యడం ఆ కుర్రాళ్ళ చేత చేయించే పని. చెయ్యనంటే దెబ్బలు. సింహాద్రి అక్కణ్ణించి బతికి బయటపడ్డాడు. అతని స్నేహితుడు కూర్మారావు పడలేదు. కొట్టిన దెబ్బలకి అక్కడే చచ్చిపోయాడు.

కొట్టించిన యజమానులు ఎవరికీ దొరకలేదు. వాళ్ళు మరేదో దేశంలో, మరేవో పేర్లతో హాయిగా ఉన్నారు. బోనులోకి వచ్చింది ధర్మారావు ఒక్కడే. అతనిదీ శ్రీకాకుళం జిల్లాయే. అందరిలాగే ఉద్యోగమనుకుని వెళ్ళినవాడే. కొన్నాళ్ళకి ఇనుప గొట్టం అతని చేతికొచ్చింది, తెలుగు కుర్రాళ్ళ గదికి అతనే కాపలా అయ్యాడు.

ఇక టోపీ సంగతి. కేసు మొదలైనప్పుడు సింహాద్రిని సాక్షి బోనులోకి పిలిచారు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. కాంపౌండు మాట ఎత్తగానే నాలుక పిడచకట్టుకుపోయింది. కళ్ళు తేలేశాడు. రెండోసారి పిలిచినా అంతే. అప్పుడు హైమ గురువు, మానవ హక్కుల విభాగం పెట్టిన ప్రొఫెసర్ వారిజ, మెదడు శాస్త్రవేత్త డాక్టర్ కాశీనాథ్‌ని కోర్టుకి తీసుకొచ్చింది. అతను ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న సన్నటి వల టోపీ అలా బయటికొచ్చింది. ఒకరు తలుచుకున్నది ఇంకొకరి ఒంటికి తెలుస్తుంది. బొమ్మలు కనిపించవు, మాటలు వినిపించవు. నొప్పి, భయం, ఆకలి, వణుకు, ఇవి మాత్రమే దాటతాయి. పుచ్చుకున్న మనిషి ప్రమాణం చేసి, తన ఒంటికి తెలిసింది కోర్టుకి చెప్పాలి. ఆ మనిషిని గ్రహీత అన్నారు.

తెలుగులో టోపీ పెట్టడమంటే మోసం చెయ్యడం. మోసం కేసులో సాక్ష్యానికి కూడా టోపీయేనా అని హైమ తోటి విద్యార్థులు నవ్వుకునేవారు. హైమ కూడా నవ్వింది, దాన్ని తలకి తొడుక్కునేదాకా.

ముందు ఒక తమిళ విద్యార్థికి పెట్టి చూశారు. తలనొప్పి తప్ప ఏమీ రాలేదు. గుంటూరు అబ్బాయికి సగం సగం వచ్చింది. ఒంట్లో భయం ఏ మాటని పట్టుకుని పెరిగిందో ఆ మాట, ఆ యాస ఇద్దరిలోనూ ఒకటే అయితే గాని దాటదని కాశీనాథ్ తేల్చాడు. విభాగంలో పలాస దగ్గర పుట్టింది హైమ ఒక్కతే.

మధ్యలో తెర. తెరకి అటు సింహాద్రి, ఇటు హైమ. కాశీనాథ్ ఒక్కొక్క మాటే పలికాడు. "గది." హైమకి ఊపిరాడలేదు. "గొట్టం." అంతే, అరికాళ్ళలో నిప్పులు పోసినట్టయింది. కుర్చీలోంచి జారి, మోకాళ్ళు డొక్కలోకి ముడుచుకుని, ఇంత గొంతు తనకుందా అనుకునేంత పెద్దగా అరిచింది. తెర అవతల సింహాద్రి చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాడు.

కోర్టులో ఆమె చెప్పినది విని ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తరవాతే ధర్మారావు లాయరు మోహనరంగం లేచాడు. తన కక్షిదారు ప్రాణభయంతో కొట్టాడే తప్ప ఇష్టపడి కొట్టలేదని, కొట్టకపోతే యజమానులు తననే చంపేసేవాళ్ళని, ఆ భయాన్ని కూడా ఇదే టోపీతో, ఇదే గ్రహీత ద్వారా కోర్టు తెలుసుకోవాలని అడిగాడు.

కోర్టు ఒప్పుకుంది.

"నేను చెయ్యను మేడం," అంది హైమ ఆ మధ్యాహ్నం, మొహం కడుక్కుని వారిజ గదికి వెళ్ళి. "ఆ మనిషిది నా ఒంట్లోకి రానివ్వను."

వారిజ తల ఎత్తలేదు. "ఎందుకని?"

"వాడంటే నాకు అసహ్యం. వాడి పేరు వింటే నా కాళ్ళు మండుతున్నాయి."

"నీ కాళ్ళు కావు, సింహాద్రివి." వారిజ అప్పుడు చూసింది. ఆ చూపులో ఏ కోశానా జాలి లేదు. "నచ్చినవాళ్ళకి మాత్రమే హక్కులుంటాయని నేర్చుకోడానికా నా క్లాసుకి వచ్చావు? ఒక పక్షానికి ఇచ్చిన సాధనం రెండో పక్షానికీ ఇవ్వాలి. లేకపోతే మనం నడిపేది విచారణ కాదు, పగ. ఆ మాట పరీక్షలో ఎంత బాగా రాశావో నాకు గుర్తుంది. రాయడం తేలిక."

"కాయితం మీద రాసింది నా ఒంటిమీదికి రాదు కదా మేడం."

"అయితే లా వదిలేసి ఇంకేదైనా చదువుకో. తలుపు అటుంది."

హైమ తలుపు వైపు వెళ్ళలేదు. మూడు తరాల్లో కోర్టు మెట్లు లాయరుగా ఎక్కబోతున్న మొదటి మనిషి ఆమె ఇంట్లో తనే. ఒప్పుకోలు కాయితం మీద సంతకం పెట్టి బయటికొచ్చింది.

* * *

హైమ ఉండేది అక్క లలితకుమారి ఇంట్లో. బావ ఓడలో ఉద్యోగి, ఏడాదిలో సగం సముద్రం మీదే. అక్క బడిలో టీచరు. ఆమె కూతురు మౌక్తికకి ఇంకా బడి ఈడు రాలేదు. పిన్ని రాగానే కాళ్ళకి చుట్టుకుపోవడం ఆ పిల్లకి అలవాటు. సింహాద్రి సాక్ష్యం తరవాత ఆ అలవాటు మాన్పించాల్సొచ్చింది. పిల్ల చెయ్యి పాదానికి తగిలితే హైమ కెవ్వున అరుస్తోంది.

"కుంటుతూనే ఉన్నావు," అంది లలిత, వంకాయలు తరుగుతూ. "ఆ డాక్టరు తగ్గిపోతుందన్నాడు గదా?"

"తగ్గుతుంది."

"ఎప్పుడు? నాకు తెలీక అడుగుతున్నాను, లా చదవడానికి పంపితే ఎవడి నొప్పులో మోసుకొస్తున్నావేటి ఇంటికి? రేపు ఇంకొకడిది కూడా తెస్తావంట, టీవీలో చెప్పారు. ఆ కొట్టినోడిది."

"చట్టం ప్రకారం..."

"చట్టం నీకు చెప్తాది, నాకు కాదు. ఇది నా ఇల్లు. ఇందులో చిన్నపిల్ల ఉంది." లలిత కత్తిపీట పక్కకి తోసేసి లేచి వెళ్ళిపోయింది. ఆ రోజంతా చెల్లెలితో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే కాదు, పిల్లని కూడా తన గదిలోనే పెట్టుకుంది.

* * *

ధర్మారావు బక్కపల్చటి మనిషి. నూనె రాసి నున్నగా దువ్విన జుట్టు, కొత్తగా గీసుకున్న గడ్డం. పెళ్ళిచూపులకి వచ్చినట్టున్నాడు. చేతులకి బేడీలుండబట్టి గాని, బజార్లో కనిపిస్తే ఎవరూ రెండోసారి చూడరు. తెర వెయ్యకముందు ఇద్దరి తలలకీ వలలు సరిచేస్తున్నప్పుడు అతనే మాట కలిపాడు.

"మీది పలాస ఏపంట గదా. మాది కంచిలి. పక్కూరోలమే."

"మాట్లాడకూడదు," అంది హైమ.

"మాటాడకుంటే ఎలగ తెలుస్తాది? నాను సెప్తే ఎవులూ నమ్మనేదు. మీ ఒళ్ళు నమ్ముతాది సూడండి." కొంచెం ముందుకి వంగాడు. "సింహాద్రిగాడిది తీసుకున్నారట గదా. ఆడి ఏడుపు ఎలగుంటాదో మీకు ఇప్పుడు తెలిసింది. నాను రోజూ ఇన్నాను. ఇనీ ఇనీ నాకేటయిందో అది కూడా సూడండి."

పక్కనున్న పోలీసు అతని భుజం పట్టి వెనక్కి లాగాడు. తెర పడింది. హైమ అరికాళ్ళు అప్పటికే భగభగమంటున్నాయి.

"గేటు," అన్నాడు కాశీనాథ్.

ఆకలి. ఇంటి మీద బెంగ. చెమట. ఎవరిదో పెద్ద చెయ్యి మెడమీద పడ్డట్టు తల కిందికి వంగిపోయింది. ఇది కొత్తది, సింహాద్రిలో లేనిది.

"గొట్టం."

అరికాళ్ళు. నిప్పులు. ఒళ్ళంతా చిన్నదైపోయి ఎక్కడైనా దూరిపోవాలన్నంత భయం. హైమ పళ్ళ బిగువున ఓర్చుకుంది.

"కూర్మారావు."

భయం అలాగే ఉంది, అరికాళ్ళలోనే ఉంది. దాని పైనుంచి మెల్లగా ఇంకేదో దిగింది. కుడి భుజం నుంచి మణికట్టు దాకా ఒక తేలిక. బరువైన బిందెని గట్టుమీద దించినప్పటి తేలిక. అంత ఘోరమైన పేరుకి అంత నెమ్మది ఎక్కణ్ణించి వచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. టోపీ తీసేశాక చూసుకుంటే కుడిచెయ్యి ఒళ్ళో మెత్తగా, హాయిగా పడుకుని ఉంది. దాన్ని చూడగానే ఆమె ఎడమచేత్తో ఒళ్ళోంచి కిందికి తోసేసింది.

"భయం ఉందా?" అడిగాడు మోహనరంగం, కాశీనాథ్ ఎదుట, రికార్డు నడుస్తుండగా.

"ఉంది."

"కూర్మారావు పేరు చెప్పినప్పుడు కూడా?"

"అప్పుడు కూడా ఉంది. కానీ..."

"ఆ మిగతాది కోర్టులో చెబుదురు గాని. నాకు ఇది చాలు," అని లాయరు నవ్వుతూ ఫైలు మూసేశాడు.

* * *

కోర్టు వాయిదా సోమవారానికి పడింది. ఆదివారం పొద్దున్న లలిత ఇడ్లీలు పెడుతోంది. ఇంట్లో ముభావం అలాగే ఉంది. మౌక్తిక స్టీలు పళ్ళెం పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి పరిగెత్తుతూ వచ్చి, హైమ కుర్చీ దగ్గర జారింది. పళ్ళెం గచ్చుమీద పడి గిరగిరా తిరుగుతూ మోగింది.

ఇనుము మోత అది. హైమ అరికాళ్ళు ఒక్కసారిగా అంటుకున్నాయి. అదే క్షణంలో కుడిచెయ్యి దానంతట అదే లేచింది. పిల్ల నెత్తిమీదికి లేచింది. దానికి తొందర లేదు, కోపం లేదు. రోజూ చేసే పనికి లేచినంత నింపాదిగా లేచింది. భుజం నుంచి మణికట్టు దాకా ఆ తేలిక పాకింది.

మౌక్తిక పైకి చూసింది. ఆ పిల్లని ఇంతవరకూ ఎవరూ కొట్టలేదు, కాబట్టి ఏం జరగబోతోందో దానికి తెలియలేదు. నవ్వింది.

లలితకి తెలిసింది. ఇడ్లీ పాత్ర వదిలేసి వచ్చి పిల్లని లాక్కుని, హైమ చేతిని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించింది. దించడానికి బలం పెట్టాల్సొచ్చింది.

"అక్కా, నేను కాదు..."

"మరెవరే? ఎవడే నా ఇంట్లో?" లలిత పిల్లని తన వెనక్కి తోసుకుంది. "పో. నీ బట్టలు సర్దుకుని ఇప్పుడే పో. నువ్వు నువ్వు అయ్యాక రా."

హైమ హాస్టలుకి ఆటోలో వెళ్తుంటే ఏడుపు రాలేదు. కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ కూర్చున్నప్పుడే ఆమెకి మెల్లగా తట్టింది. పళ్ళెం మోగినప్పుడు రెండు వేరువేరు ప్రాణులు తన ఒంట్లో కదిలాయి. చెయ్యి ధర్మారావుది. ఆ తేలిక సింహాద్రి దగ్గర ఎక్కడా లేదు. మరి అరికాళ్ళో? అవి ముందునుంచీ సింహాద్రివి. తెర వెయ్యకముందే, ధర్మారావుని చూడగానే మండిన కాళ్ళు. అలాంటప్పుడు తెర వెనక తనకి తెలిసిన భయం ధర్మారావుదా? ధర్మారావుని చూసి సింహాద్రి పడ్డ భయమా?

కొట్టించుకున్నవాడి భయాన్ని కొట్టినవాడి ఖాతాలో వేసి వచ్చానా అనుకుంది. ఆటోవాడు హాస్టలు దాటిపోయి అడిగితేగాని ఆమె ఈ లోకంలోకి రాలేదు.

* * *

"నీ అనుమానం నీ దగ్గరే ఉంచుకో," అంది వారిజ.

ప్రొఫెసర్ ఇంట్లో వరండాలో ముగ్గురూ ఉన్నారు. కాశీనాథ్ మొహం పాలిపోయి ఉంది. దాటిన బాధ ఒంట్లో మిగిల్చే మచ్చ కొద్దికాలంలో చెరిగిపోతుందని తన లెక్క అని, ఒకదాని మీద ఒకటి పడితే ఏమవుతుందో తను చూడలేదని గొణిగాడు. చూడకుండానే కోర్టుకి తెచ్చారా అని హైమ అడిగితే వారిజ వైపు చూశాడు.

"విను," అంది వారిజ. "నోరు పెగలని సాక్షులు సింహాద్రి ఒక్కడే కాదు. ఎన్ని దేశాల నుంచి, ఎన్ని భాషలవాళ్ళు ఈ టోపీ కోసం ఎదురుచూస్తున్నారో నీకు తెలుసు. నువ్వు రేపు నోరు జారితే రెండు సాక్ష్యాలూ పోతాయి. సింహాద్రిది కూడా. ధర్మారావుని వదిలేస్తారు. అది కావాలా నీకు?"

"నేను ఏం చెప్పాలంటారు?"

"ఆ భయం వాడిది కాదని చెప్పు. తేలిక ఒక్కటే వాడిదని నువ్వే అంటున్నావుగా. తేలికగా ఉందని చెప్పు. అబద్ధం కాదు."

హైమకి ఆ క్షణంలో అదే చెయ్యాలనిపించింది. ఒళ్ళంతా అదే చెప్పమంటోంది. కాని ఆ చెప్పమంటున్నది సింహాద్రి కాళ్ళే కదా.

"వాణ్ణి కూడా మొదట్లో అరికాళ్ళ మీదే కొట్టారట మేడం. వైద్య పరీక్షలో ఉంది. అది వాడి భయమే అయ్యుండచ్చు. కాకపోవచ్చు. నాకు తెలీదు. తెలీదని చెప్పడానికే నాకు హక్కుంది."

"ఇంతా చేసి ఆ రాక్షసుడికి మేలు చేస్తావన్నమాట!"

"నచ్చినవాళ్ళకి మాత్రమే కాదని మీరే అన్నారు."

వారిజ లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

* * *

సోమవారం కోర్టులో హైమ చెప్పింది. తనలో ఇద్దరున్నారని, కాళ్ళలో భయం ఎవరిదో తేల్చలేనని, చేతిలో తేలిక ధర్మారావుదేనని, అది కొట్టినందుకు కలిగిన సుఖమో, కొట్టడం అయిపోయినందుకు కలిగిన ఊరటో ఆ తేలికని బట్టి చెప్పడం ఎవరి తరమూ కాదని. చెవుల్లో అనువాదం వింటున్న న్యాయమూర్తులు ఒకరి తరవాత ఒకరు ఆమె వైపు తలెత్తారు.

"అంటే సింహాద్రి తరఫున మీరు చెప్పినదాన్ని మాత్రం నమ్మచ్చు కదా?" అన్నాడు ప్రభుత్వ లాయరు ఆశగా.

"అప్పటికి నాలో ఇంకెవరూ లేరు. కానీ నేనున్నాను. పలాసలో చిన్నప్పుడు మా నాన్న బెల్టుతో కొట్టిన నేను. ఎక్కడ నేను ఆగి సింహాద్రి మొదలయ్యాడో కూడా ఇప్పుడు చెప్పలేను."

రెండు సాక్ష్యాలనీ కోర్టు కొట్టేసింది. టోపీని ఇంకే కేసులోనూ వాడకూడదంది. వెనక వరసలో ఎర్రమ్మ గుండెలు బాదుకుంటూ హైమ వంశాన్నంతా తిట్టింది. వారిజ ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్ళిపోయింది. ధర్మారావు బోనులోంచి హైమకి నమస్కారం పెట్టాడు. ఎర్రమ్మ తిట్లన్నింటికన్నా ఆ నమస్కారం ఆమెని ఎక్కువ కాల్చింది.

అప్పుడు సింహాద్రి లేచి నిలబడ్డాడు.

"నాను సెప్తాను," అన్నాడు. గొంతు అతనికే కొత్తగా ఉన్నట్టుంది, ఆగాడు. "సెప్పడానికి ఇంకేటీ నేదు గదా మీకు. నానే సెప్తాను."

మర్నాడు అతన్ని బోనులో కూర్చోబెట్టారు. మాట మాటకీ మధ్య పెద్ద పెద్ద ఖాళీలు. రెండుసార్లు నీళ్ళు తాగాడు, ఒకసారి వాంతి చేసుకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. ప్రభుత్వ లాయరు, వేరే ఏం అడగాలో తోచకో ఏమో, అతి మామూలు ప్రశ్న అడిగాడు. కూర్మారావు చనిపోయిన రోజున అక్కడ ఎవరెవరున్నారని.

"మాం ఉన్నాం. ధర్మారావు ఉన్నాడు."

"యజమానులు?"

"నేరు. ఆలకేదో పండగ. అందరూ బస్తీకెల్పోనారు. వానకి కరెంటు పోయి కెమేరాలు కూడా ఆగిపోనాయి. కూర్మారావుగాడు నవ్వినాడు, ఈవేళ మనల్ని సూసేవోడు నేడురా అని. ధర్మారావుని కూడా రమ్మన్నాడు, కూకో అన్నా, పాట పాడుకుందామని."

"అయితే కొట్టమని ధర్మారావుకి ఎవరు చెప్పారు?"

సింహాద్రి చాలాసేపు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మాట రాదేమోనని హైమ కుర్చీ అంచు పట్టుకుంది.

"ఎవులూ సెప్పనేదు," అన్నాడు.

తరవాత ఆ రెండు మాటలూ వేరే భాషలో న్యాయమూర్తుల చెవుల్లో పడ్డాయి.

మోహనరంగం ఊరుకోలేదు. అంత ముఖ్యమైన విషయం ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని గద్దించాడు. టోపీ పెట్టినప్పుడు ఎందుకు బయటపడలేదన్నాడు.

"అడగనేదు బాబూ. కళ్ళు మూసుకుని తలుసుకోమన్నారు. తలుసుకున్నాను."

హైమ తల వంచుకుంది. తనూ అడగలేదు. అతని నొప్పిలోకి దూరి మరీ చూసింది గాని, ఆ రోజు ఏం జరిగింది తమ్ముడూ అని ఒక్కసారైనా అడగలేదు.

ధర్మారావు మొహంలో ఏమీ లేదు. కుడి మణికట్టుని ఎడమచేత్తో నిమురుకుంటున్నాడు.

* * *

తీర్పు వర్షాల్లో వచ్చింది. కూర్మారావు చావుకి ధర్మారావుదే పూర్తి బాధ్యత అన్నారు. ముసలితనం దాకా జైలు. మిగతా దెబ్బల విషయంలో మాత్రం, యజమానులు అక్కడే ఉన్నారు గనక, అతను ప్రాణభయంతో కొట్టలేదని రుజువు కాలేదన్నారు. ఆ నేరాలన్నీ కొట్టేశారు. ఆ మిగతా దెబ్బల్లో సింహాద్రి తిన్నవీ ఉన్నాయి. అతని కాళ్ళకి జరిగినదానికి చట్టంలో ఎవరూ నేరస్తులు కారు.

హైమ వానలో తడుస్తూ గేటు దగ్గర నిలబడింది. ఆమె పట్టా ఇంకా చేతికి రాలేదు. వారిజ ఆమె ప్రాజెక్టుని వదిలేసింది, ఇంకో గురువు దొరకలేదు. అక్క ఫోనులో మాట్లాడుతోంది గాని ఇంటికి రమ్మనడం లేదు.

ఎర్రమ్మ ఆటోలో కూర్చుని మొహం అటు తిప్పుకుంది. సింహాద్రి ఎక్కబోయి, ఆగి, హైమ దగ్గరికి వచ్చాడు. కేసు మొదలైన తరవాత అతను ఆమెతో నేరుగా మాట్లాడటం అదే మొదలు.

"మేడం. నాది మీకాడ ఇంకా ఉందా?"

"ఉంది."

"తగ్గనేదా?"

"లేదు."

అతను బాధగా చూశాడు. "నాకు కొంచెం తగ్గింది. ఆ బోనులో సెప్పినకాడినుంచి. మీకు తగ్గకపోడం నాకు బాగా నేదు." అంటూనే ఇంకేదో గుర్తొచ్చి ఆగాడు. "ఆడిది? ఆడిది కూడా ఉందా?"

లేదని చెప్పచ్చు. ఆ ఒక్క అబద్ధానికి ఈ అబ్బాయి కాస్త నవ్వి ఇంటికి వెళ్తాడు.

"ఉంది," అంది హైమ.

సింహాద్రి ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక్కి తిరగకుండా, ఆమెకి ఎదురుగానే ఉంటూ, ఇంకో అడుగు వేశాడు. "మీరు మంచోలే," అన్నాడు. "కానీ మా ఊరేపు రాకండి మేడం. మా అమ్మకి సెప్పను. మీరు మాత్రం రాకండి."

వెనక్కి నడుస్తూనే ఆటో ఎక్కాడు. ఆటో రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా అతను ఆమె కుడిచేతి మీదనుంచి చూపు తిప్పలేదు.